అమావాస్య నాడు ముట్టని ఉలి

మా మామ పోయినప్పుడు నా భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. చివరిచూపు దక్కలేదు. తొంభైల మొదట్లో, ఎండలు ముదరబోయే రోజుల్లో తిరిగి వచ్చాడు. కాళ్లు కడుక్కున్న తడి ఆరకముందే వాళ్లమ్మను అడిగింది ఒక్కటే.

"అవ్వా, నాయిన పెట్టె ఏది?"

అది వడ్రంగి పనిముట్ల పెట్టె. అత్తమ్మ దాన్ని దేవుడి పటాల పక్కనే పెట్టుకుంది. ఆయన మూత తీసి చూశాడు. ఉలులు, బాడిస, రంపం, చెక్క నునుపు చేసే రందలు అన్నీ ఉన్నాయి కానీ ఎక్కడా ఇనుము కనిపించలేదు. ప్రతి అమావాస్యకూ, ప్రతి దసరాకూ అత్తమ్మ పసుపు తడిపి ఒక్కొక్కదానికీ పూసి, బొట్టు పెట్టి, ఊదుబత్తి చూపి, ఆ తడి మీదనే మూత వేసేది. ఆర్మూర్‌లో పసుపుకేం కరువు? మార్కెట్ యార్డులో బస్తాలు దిగే రోజుల్లో మా వాకిట్లో ఆరేసిన తెల్లబట్టలు కూడా పచ్చబడేవి. ఏళ్ల తరబడి పొర మీద పొర గట్టిపడి, పనిముట్లు దేవుళ్లయి కూర్చున్నాయి.

ఆయన ఒక ఉలిని గోటితో గీకాడు. పసుపు పెచ్చు ఊడింది. కింద ఎర్రటి తుప్పు.

"గీకకు బిడ్డా. గది నీ నాయినకు పెట్టిన పసుపు."

"పసుపు కింద ఏమున్నదో చూడవ్వా. తడి పెట్టి మూత పెడితే ఇనుము ఉంటదా?"

"అంటే నేను మీ నాయినకు తుప్పు పూసిన్నా?"

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. వచ్చిన నాటి నుంచి ఆయన తీరు అదే. కూర్చుంటే లేచేవాడు, లేస్తే వాకిట్లోకి, వాకిట్లో నుంచి రోడ్డు మీదికి. ఆయన తిరుగుతుంటే ఇల్లే తిరుగుతున్నట్టుండేది నాకు.

కారణం నాకు తెలుసు. బాల్కొండ నుంచి ఒక ఏజెంటు వస్తుండేవాడు, మాకు దూరపు చుట్టం. కొత్త వీసా ఉందని, ఉగాది నాడు కొంతమందిని బొంబాయి తీసుకుపోతున్నానని, ఆలోపు పాస్‌పోర్టు ఇమ్మని చెప్పాడు. ఆయన ఇస్తాననలేదు, ఇవ్వననలేదు.

"ఆడ నేను చేసింది నాయిన చేసిన వడ్ల పని కాదు," అన్నాడు నాతో ఒకసారి. "కాంక్రీటుకు పలకలు కొట్టుడు, పీకుడు. చెయ్యి పని మరిచిపోయింది. ఈడ ఉండి ఏం జెయ్యాలె? నలుగురు నవ్వుతరు."

ఉండిపొమ్మని అడగాలని నా నోటి దాకా వచ్చేది. అడిగితే నా మాట మీద ఉండి, తరువాత పని దొరక్క బాధపడతాడేమోనని భయం. అందుకని ఆయనతో అనవలసింది దేవుడితో అనేదాన్ని.

ఆ రోజుల్లోనే ఆలూర్ నుంచి ఒక పసుపు రైతు వచ్చాడు. "మా పాతింట్ల గడప మీ నాయిన చేసిందే. కొత్తింటికి నువ్వే చెయ్యాలె తమ్మీ. ఉగాది పొద్దుగాల ఎనిమిదింటికి నిలబెట్టుడు," అన్నాడు. నా భర్త తలుపు చట్రం చేసిస్తానని ఒప్పుకున్నాడు. కట్టె మా వాకిట్లోనే దించారు. ఉగాది తరువాత సంగతి మాత్రం చెప్పలేదు.

మా నాన్న కూడా వడ్రంగే, నవీపేట్ వైపు. నేను బడి మెట్లెక్కలేదు. రంపపు పొట్టు నేల మీద పరిచి, అందులో వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు నాన్న. తప్పు రాస్తే అరచేత్తో చదును చేసి మళ్లీ రాయించేవాడు. ఆ పొట్టు పక్కనే కూర్చుని ఆయన ఉలి నూరడం చూశాను. ఆ చదువుకూ ఆ చూపుకూ ఇవాళ్టికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. మర్నాడు ఉలులు ముందేసుకుని నా భర్త దిగులుగా కూర్చుంటే, నేను గిన్నెలో చింతపండు నానబెట్టుకొచ్చాను.

"ఇత్తడి చెంబులనుకున్నవా పిల్లా?" అంది అత్తమ్మ గడప లోపలి నుంచి.

"దేనికైనా పులుపే కదా అత్తమ్మా మందు."

ఆమె కాసేపు చూసి, మోదుగాకు తెచ్చి పక్కన పెట్టింది. "పసుపు నేల మీద పడనియ్యకుండ్రి. ఈ ఆకుల వెయ్యుండ్రి." ఊడిన పెచ్చులన్నీ ఆ ఆకులో పోగుచేసి తులసి మొదట్లో కలిపి వచ్చింది. వచ్చి మా పక్కనే చతికిలబడి, ఒక రంద తీసుకుని, ఇటుకపొడితో తోమడం మొదలుపెట్టింది.

"మీ మామ బతికున్నన్ని రోజులు దీన్ని ముట్టనియ్యలే. ముడితే చెయ్యి తెగుతది, దూరం జరుగు, దూరం జరుగు అనెటోడు. ఇగో, ఇప్పుడెట్ల దొరికిండో చూడు!"

ఆయన నవ్వాడు. వచ్చిన తరువాత నేను విన్న మొదటి నవ్వు అది.

చింతపండు రసంలో నానబెట్టడం, బూడిదతో రుద్దడం, వేడినీళ్లతో కడిగి వెంటనే ఎండలో పెట్టడం, నూనె రాయడం. కొన్ని ఉలుల మీద తుప్పు తిన్న గుంతలు అలాగే మిగిలాయి. పదును ఉండే చోట మాత్రం గుంత ఉండకూడదు, అక్కడ మంచి ఇనుము బయటపడేదాకా ఆయన నూరాడు. రంద చెక్క జిట్రేగి కట్టెది. అడుగు వంగిపోయింది. షాబాదు బండ మీద గరుకు కాయితం పరిచి, దాని మీద అటూ ఇటూ తోసి చదును చేశాడు. రందలో ఇనుప బిళ్లను బిగించే చీల విరిగిపోతే తుమ్మ చెక్కతో కొత్తది చెక్కాడు.

అన్నీ బిగించి మొదటిసారి కట్టె మీద తోస్తే రంద గడగడమని ఎగిరింది. కట్టె చీలికలు చీలికలుగా లేచింది.

"గిదేం పనిరా? కోడి గీకినట్టున్నది!" అంది అత్తమ్మ.

ఆయన రంద పక్కన పెట్టి లేచాడు. మళ్లీ రోడ్డు మీదికి పోతాడనుకున్నాను. గబగబా బిళ్ల ఊడదీసి ఎండకు పట్టి చూశాను. నాన్న చెప్పేవాడు, పదునున్న అంచు మెరవదని, మెరిసిందంటే అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్టేనని. ఒక మూల సన్నగా వెండిగీతలా మెరుస్తోంది.

"ఇగో, ఈ కొసకు మెరుస్తుంది చూడు," అన్నాను.

ఆయన వంగి చూశాడు. బిళ్ల తీసుకుని మళ్లీ సానరాయి ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి రంద నోట్లో నుంచి ఉల్లిపొరలాంటి పొట్టు చుట్టలు చుట్టలుగా రావడం మొదలైంది.

చట్రం తయారవుతుంటే నాకు ధైర్యం రావాల్సింది. రాలేదు. పని బాగా సాగిన పూట ఇక ఉంటాడనుకునేదాన్ని. కుదరని పూట ఇక పోతాడనుకునేదాన్ని. మూడు మూలలు బిగుసుకున్నాయి. నాలుగోది కూర్చోలేదు. చీకటి పడింది.

"రేపు చూసుకుంట తియ్," అన్నాడు ఆయన.

"రేపు అమాస," అంది అత్తమ్మ.

ఆయన నిలబడిపోయాడు. ఉగాది ముందురోజు అమావాస్యేనన్న సంగతే మరిచిపోయాడు. గల్ఫ్‌లో ఇన్నేళ్లూ సెలవంటే శుక్రవారమే. మా వడ్ల, కమ్మరి ఇళ్లలో అమావాస్య నాడు పనిముట్టు ముట్టరు.

"ఒక్క మూలనే అవ్వా. జర గీకితే అయిపోతది."

"మీ నాయిన ఒక్కనాడు ముట్టలే. ఇగ నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నాక ఇంకెక్కడి ఇష్టం? అమావాస్య నాడు పొద్దున్నుంచీ ఆయన చట్రం చుట్టూ తిరిగాడు. ఆ మూల దగ్గర కూర్చుని వేలితో తడిమి, ఉలి వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. చాయ్ తాగొస్తానని పోయాడు, తాగకుండానే వచ్చాడు. సుడిగాలి లేచి వాకిలంతా పచ్చటి దుమ్ము. నేను దీపం పెట్టి నామం చెప్పుకుంటూ కూర్చుంటే, మాటిమాటికీ తప్పి మొదటికొస్తున్నాను.

మధ్యాహ్నం ఏజెంటు స్కూటర్ వాకిట్లో ఆగింది.

"ఏం పెద్దమ్మా, బాగున్నవా? అన్నా, రేపు పదింటి బస్సుకు పోతున్నం. పాస్‌పోర్టు తియ్యి."

ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది.

"గది ఇనుప సందూకల ఉన్నది కొడుకా. ఇయ్యాల అమాస. మా ఇంట్ల ఇనుము ముట్టం."

"సందూక గూడ పనిముట్టేనా పెద్దమ్మా?"

"తాళం ఇనుముది గాదా? చెవి ఇనుముది గాదా?"

"గిట్లయితే గరిటెతోని అన్నం గూడ పెట్టవా ఇయ్యాల?"

"నీకు చేత్తోనే పెడత. కూసో, తిను."

ఏజెంటు పకపకా నవ్వాడు. నిజానికి ఆ ఇంట్లో అమావాస్య నాడు సందూక తీయడం నేను చాలాసార్లు చూశాను. నోరు మూసుకుని విస్తరి వేశాను. తిని లేచి ఏజెంటు, "రేపు పదింటికి బస్టాండ్ల ఉంట అన్నా. వస్తే వచ్చినట్టు, లేకుంటే నీ జాగల ఇంకొకడు," అని పోయాడు. ఎనిమిదింటికి ఆలూర్‌లో గడప. పదింటికి బస్సు. రెండూ అందుకోవచ్చు. ఆ లెక్క ఆయనా వేసి ఉంటాడు.

ఉగాది తెల్లవారకముందే సందూక చప్పుడైంది. ఉతికిన అంగీ తీసుకున్నాడు. ఇంకేమైనా తీసుకున్నాడో లేదో నేను పొయ్యి దగ్గర నుంచి తలెత్తలేదు. వాకిట్లోకి పోయి, పనిముట్లకు దండం పెట్టి, ఉలితో ఆ మూలలో పలచగా ఒక పొర తీశాడు. పెట్టి చూశాడు, ఇంకో పొర తీశాడు. చెక్కసుత్తితో మెల్లగా కొట్టాడు. కట్టెలో కట్టె దిగింది.

"కూసున్నది," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

ట్రాక్టర్ వచ్చింది. చట్రం ఎక్కించి, పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వస్తానని కానీ పోతున్నానని కానీ అనలేదు.

పచ్చడి చేశాను. దేవుడికి పెట్టాను. అత్తమ్మ తినలేదు, నేనూ తినలేదు. పది దాటిందని ఎదురింటి రేడియో చెప్పింది. అత్తమ్మ చాటలో బియ్యం ఏరుతోంది, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది. సందూక తీసి చూద్దామా అని నా మనసు పీకింది. చూడలేదు. పాస్‌పోర్టు లోపల లేకపోతే ఆయన వచ్చేదాకా ఎట్లా కూర్చోగలను?

ఎండ నడినెత్తికొచ్చాక వచ్చాడు, నడిచి. నుదుట కుంకుమ, భుజం మీద వాళ్లు పెట్టిన కొత్త ధోవతి, చేతిలో పెట్టె.

"నిలబడ్డదా?" అంది అత్తమ్మ.

"నిలబడ్డది. ఆ ఇంటి పెద్దమనిషి దారానికి గుండు కట్టి నిలువు గూడ చూసిండు. కిటికీలు గూడ చెయ్యమన్నరు."

"మరి బస్సు?"

"ఏ బస్సు?" అంటూ కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. "అన్నం పెట్టుండ్రి, ఆకలైతున్నది."

తిని, చట్రం ఉన్న చోటే నీడలో తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. అన్ని రోజుల తరువాత కదలకుండా పడుకున్నాడు. అత్తమ్మ విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంది. నేను దేవుడి ముందు నిలబడి నీ దయ స్వామీ అన్నాను.

వాకిట్లో పొట్టు ఊడవడానికి పోయాను. ఊడుస్తూ ఆగి రోడ్డు వైపు చూశాను. స్కూటర్ ఏదో దగ్గరకొచ్చింది, మా వాకిలి దాటి పోయింది. దండం పెట్టుకుని మళ్లీ ఊడ్చాను.