దొర కారుకు నాటు కార్బురేటర్

పిల్లకు ఆయాసం వచ్చినప్పుడు దాని మెడ కింద చిన్న గుంట పడుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుంట లోపలికి పోతుంది. మొదటిసారి అది చూసినప్పుడు పిల్లకు రెండేళ్ళు నిండలేదు. మా వీధి కాంపౌండరు ఇచ్చే ఎర్రమందు దానికి పనిచేసేది కాదు. సూది వేసి ఊపిరి నిలబెట్టగల డాక్టరమ్మ మాకు తెలిసినంతలో హిందూపురంలోనే ఉండేది. ధర్మవరం నుంచి రైలుంది. కానీ రైలు దాని వేళకు వస్తుంది, ఆయాసం దాని వేళకు వస్తుంది. అందుకని గుంట కనబడగానే నా కళ్ళు వాకిట్లో ఉన్న కారు మీదికి పోయేవి.

ఆ కారంటేనే నాకు మంట.

మా మామ పట్టుచీరల వ్యాపారి. ఇంటి వెనక మగ్గాలు, ముందు గదిలో చీరల బీరువాలు. సీమకు, అంటే ఇంగ్లండుకు, తిరిగిపోతున్న ఒక తెల్లదొర దగ్గర ఆ కారు కొన్నాడు. మా వీధికి మొదటి కారు అదే. అది వచ్చిన ఏడాదే వ్యాపారం అందుకుందని ఆయన నమ్మకం. కాబట్టి దానిలో ఏదీ మార్చకూడదు. టైర్లు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, అవి లెక్కలోకి రావు. ఇంజను పక్కనుండే ఇత్తడి కార్బురేటర్ మాత్రం దేవుడితో సమానం. ఆయుధపూజ నాడు మగ్గాలకూ కత్తెరకూ పెట్టినట్టే దానికీ గంధం, కుంకుమ పెట్టేవాడు.

దోమలమందు కొట్టే పంపు చూసే ఉంటారు. గాలి తోస్తే మందు తుంపరై వస్తుంది. కార్బురేటర్ చేసే పనీ అలాంటిదే, పెట్రోలును గాలిలో కలిపి తుంపరగా ఇంజనుకు ఇస్తుంది. పెట్రోలు వచ్చే చోట జెట్ అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దానికి సూదిమొనంత బెజ్జం. అందులో నలుసు పడితే కారు ఆగుతుంది. అనంతపురంలో బి.ఎస్సీ. చదివినదాన్ని, ఇంతమాత్రం నాకు తెలుసు. తెలుసని చెప్పడమే ఆ ఇంట్లో తప్పు.

నలుసు పడితే గాలి ఊది శుభ్రం చేయాలి. మా మామ జరీతో చేసేవాడు. జరీ పోగు కొనను పెదాలతో తడిపి, మగ్గం మీద పోగు ఎక్కించినంత నేర్పుగా ఆ బెజ్జంలోకి ఎక్కించి అటూ ఇటూ లాగేవాడు. ఇనుప తీగ గీతలు పెడుతుందట, జరీ మెత్తగా ఉంటుందట, తుప్పు పట్టదట. వీధిలో నలుగురు చేరి ఆ చేతిపనికి తలలూపేవారు. ఎర్రపట్టు దారం మీద వెండి చుట్టి చేసేదే జరీ అని, ఇత్తడి మీద ఏళ్ళ తరబడి దాన్ని లాగితే బెజ్జం అరుగుతుందని ఆ నేతగాళ్ళ ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు.

తొలి జల్లులు పడిన రోజుల్లో ఒక ఉదయం పిల్లకు ఆయాసం వచ్చింది. రైలు అప్పటికే పోయింది. మా ఆయన కారు తీశాడు. ఎటూ పోతున్నారు కదా అని మామ తానూ బయలుదేరి, హిందూపురం అంగళ్ళకు ఇవ్వాల్సిన చీరల మూటలు రెండు వెనక సీట్లో పెట్టించాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆ మూటల పక్కన ఇరుక్కుని కూర్చున్నాను.

పెనుకొండ దాటాక ఎత్తు ఎక్కుతూ కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మామ బానెట్ ఎత్తి జెట్ విప్పాడు. పోగు కోసం జేబులు తడుముకున్నాడు, దొరకలేదు. కిటికీలోకి వంగి, "అమ్మాయీ, జరీ పోగుంటే ఒకటియ్యి" అన్నాడు. మూటల్లోవి అమ్మకం చీరలు, వాటి జోలికి పోడు. నా కొంగు అంచున ఊడిన పోగు ఒకటి వేలాడుతోంది. దాన్ని పళ్ళతో కొరికి ఇచ్చాను. ఇత్తడి సంగతీ జరీ సంగతీ తెలిసినదాన్నే, కొరికి ఇచ్చాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోగు మధ్యలో తెగింది. రెండో ముక్క బయటికి వచ్చిందో లేదో ఆయన చూడలేదు, నేనూ చూడలేదు. బిగించాడు. కారు కదల్లేదు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. ముప్పావు గంట గడిచింది. పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

శనక్కాయ మూటలతో హిందూపురం పోతున్న లారీ ఒకటి తనంతట తానే ఆగింది. పిల్లను చూసి డ్రైవరు ఇంకేమీ అడగకుండా తలుపు తీశాడు. నేను ఎక్కాను. నా వెనకే మా ఆయన మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఇంత సరుకుతో నన్నొక్కన్నే ఈడ వదిలి పోతావా?" అన్నాడు మామ.

మా ఆయన నా వైపు చూశాడు, వాళ్ళ నాయన వైపు చూశాడు. కాలు కిందికి దించాడు.

ఆ కాలు దించడాన్ని నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

డాక్టరమ్మ సూది వేసింది. సాయంత్రానికి మెడ కింద గుంట పూడింది. ఇంకో అరగంట ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని ఆమె నన్ను గట్టిగా కోప్పడింది. ఆ తిట్లన్నీ నేనొక్కదాన్నే తిన్నాను. నాతో పంచుకోవాల్సిన ఇద్దరూ రోడ్డు పక్కన చీరలకు కాపలా ఉన్నారు.

మరునాడు కారును ఇంకో లారీకి తాడుతో కట్టి హిందూపురం తెచ్చారు. మా పుట్టిల్లు అదే ఊరు. మూడో రోజు పిల్లను చంకనేసుకుని మెకానిక్ షెడ్డుకు నేనే పోయాను. మామ, మా ఆయన అప్పటికే అక్కడున్నారు. మెకానిక్ వయసు మళ్ళినవాడు, బెంగుళూరులో పని నేర్చుకున్నవాడు. జెట్‌ను ఎండకెత్తి నాకు చూపించాడు.

"సూడమ్మా, గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోడిగుడ్డు మాదిరి అయిపోయుండాది. ఎన్నేండ్ల నుంచి గీకినారో. లోపల యాందో ఇరుక్కోనుండాది."

గాలిపంపుతో ఊది దాన్ని బయటికి తీశాడు. వడ్లగింజలో సగం కూడా లేదు. ఎర్రదారం, చుట్టూ కాస్త మెరుపు.

"బంగారం తినిందమ్మా మీ కారు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కొంగును నడుముకు చుట్టి దోపుకున్నాను.

ఆ జెట్ ఇక దొరకదట. సీమ నుంచి సామాను రావడం ఆగిపోయింది. మన దేశంలోనే తయారైన వేరే రకం కార్బురేటర్‌ను మద్రాసు నుంచి తెప్పిస్తానన్నాడు. బోల్టుల బెజ్జాలు కలవవు, మధ్యలో అల్యూమినియం బిళ్ళ కోసి పెట్టాలి, యాక్సిలరేటర్ కడ్డీ వంచాలి. చూడ్డానికి అందంగా ఉండదు కానీ దారిలో ఆగదు అన్నాడు.

మామ ఒప్పుకోలేదు. "దొర కారుకు నాటు సామాను పెడ్తే ఊరు నవ్వుతాది. ఇన్నేండ్లలో యాడన్నా ఆగిందా ఇది?"

నా ముందే అన్నాడు, పెనుకొండ ఎత్తు మీద ఏమీ జరగనట్టు. మా ఆయన నేల మీద ఆయిలు మరకలు చూస్తూ నిలబడ్డాడు.

"అది మార్చేదాకా నేను ధర్మవరం రాను, పిల్లనూ పంపను" అన్నాను. "చీరలు మాత్రం తీసుకపోండి. వాటికి ఆయాసం లేదు."

"సదువుకున్న కోడలప్పా. కారుక్కూడా పాఠం చెప్తాది" అన్నాడు మామ మెకానిక్‌తో. మెకానిక్ నవ్వలేదు.

పుట్టింట్లో పన్నెండు రోజులున్నాను. అమ్మ రోజూ ఏదో ఒక వంకతో నన్ను సాగనంపాలని చూసింది. చివరికి మామ ఒప్పుకున్నాడు, కొన్ని షరతుల మీద. పాతదాన్ని మంగళవారం విప్పకూడదు, కొత్తదాన్ని అష్టమి నాడు బిగించకూడదు, పాతది ఆయన చేతికే ఇవ్వాలి. పిల్ల ఊపిరికి మంగళవారం లేదు, అష్టమీ లేదు. ఆ రోజులన్నీ దాని మెడ చూస్తూ పళ్ళు కొరుక్కుంటూ గడిపాను.

బిగించిన రోజు షెడ్డులోనే ఉన్నాను. మెకానిక్ బిళ్ళను ఆకురాయితో రాచి, పెట్టి చూసి, మళ్ళీ రాచాడు. కారు ఒక్క తిప్పుకే అందుకుంది. చప్పుడు మాత్రం ముతకగా వచ్చింది. గొంతు మారిపోయిందని మామ ముఖం వేలాడేసుకున్నాడు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ గుంట పడింది. మా ఆయన కారు తీశాడు. ఈసారి మూటలు లేవు. మామ ముందు సీట్లో కూర్చున్నాడు, ఒళ్ళో ఒక గుడ్డసంచి. పెనుకొండ దాటాం. ఎత్తు దగ్గర నేను పిల్ల మెడనూ రోడ్డునూ మార్చి మార్చి చూస్తున్నాను. కారు మోటుగా అరుస్తూ ఎక్కింది. లారీ ఆగిన చోటు దాటింది. అవతలికి దిగింది.

మామ సంచిలోంచి పాత కార్బురేటర్ తీసి కళ్ళకద్దుకున్నాడు. "సూసినావా అమ్మాయీ, ఇది వెంబడి వస్తాండాది గాబట్టి ఆగలేదు."

"మీ జరీ పోగు దాంట్లో లేదు గాబట్టి ఆగలేదు మామా" అన్నాను.

మీ జరీ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నా కొంగు వైపు చూశాడు. నీ పోగే కదా అని ఒక్క మాటంటే నా నోరు మూతపడేది. అనలేదు. పిల్ల వైపు చూసి, "ఊపిరెట్లుండాది?" అని మాత్రం అడిగి, కార్బురేటర్‌ను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి వేళకు చేరాం. ఈసారి ఆమె నన్ను కోప్పడలేదు.

ఆయన ఆ మాట ఆ రోజు అనలేదు, ఇంట్లో ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అని ఉంటే బాగుండేది. మూటల సంగతి, కాలు దించిన సంగతి, అన్నీ తిరిగి అరిచేదాన్ని. ఇప్పుడు అరవడానికి మధ్యలో నా కొంగు అడ్డం వస్తోంది, అందుకూ నాకు కోపంగానే ఉంది.

పిల్ల పక్కనే నిద్రపోతోంది. దీపం దగ్గరికి జరిపి చూశాను, గుంట లేదు. వచ్చే వారం ఆయుధపూజ. మామ గంధం గిన్నెతో కారు దగ్గరికి వస్తాడు. బానెట్ పైన ఎన్ని బొట్లైనా పెట్టుకోనిస్తాను. బానెట్ మాత్రం ఎత్తనివ్వను.