డమ్మీ నామినేషన్

మా పెదనాయన కొడుకు ఎమ్మెల్యే అయినప్పుడు ఊరంతా టపాకాయలు కాల్చింది. నేను మాత్రం కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. అబద్ధమెందుకు, ఇప్పటికీ ఆ మంట పూర్తిగా ఆరలేదు.

డిగ్రీ చదివింది నేను, ప్రొద్దుటూరులో. ఆయన పదో తరగతి తప్పాడు. మైకు ముందు ఆయన మాట్లాడే నాలుగు ముక్కలూ నేను రాసిచ్చినవే. అయితేనేం, జమ్మలమడుగు బస్టాండులో ఆయన జీపు దిగితే టీ తాగేవాళ్ళు గ్లాసులు పక్కన పెట్టి మరీ లేచేవాళ్ళు. వెనక దిగే నన్ను ఒక్కడూ చూసేవాడు కాదు. ఆ జీపుకు ముందొకటి, వెనకొకటి కాపలా బండ్లు ఎందుకున్నాయో నాకు పట్టేది కాదు. జనం లేచి నిలబడటమే నాకు కనబడేది.

ఆ ఎన్నికల్లో టికెట్టు ఆయనకే వచ్చింది. అసలు మనిషి నామినేషన్ చెల్లకపోతే పార్టీ దిక్కులేకుండా పోకూడదని, ఇంట్లోవాళ్ళలోనే ఇంకొకరి చేత డమ్మీగా వేయిస్తారు. ఆ డమ్మీ నేను. రెండు ఫారాలూ నింపిందీ నేనే. నా దాంట్లో అన్నీ సరిగ్గా రాసుకున్నాను. ఆయన దాంట్లో, ఆయన్ని ప్రతిపాదించిన మనిషి ఓటరు నంబరు కావాలనే తప్పు వేశాను.

పరిశీలన రోజు అవతలి పార్టీ వకీలు ఆ నంబరు పట్టుకున్నాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి ఆలోచనలో పడ్డాడు. అంతే, నేను మనసులో అసెంబ్లీ మెట్లెక్కేశాను.

అన్న నిదానంగా, "మా తమ్ముడు రాసినాడు సారూ. సదువుకున్నోడు. ఏదో చెయ్యి తడబడింటాది," అన్నాడు.

అది రాతలో పొరపాటేనని ఆఫీసరు ఒప్పుకున్నాడు. దిద్దమన్నాడు. నా చేత్తోనే దిద్దాను. రెండో రోజు నా నామినేషన్ వెనక్కి తీసుకున్నాను.

ఆయన గెలిచాడు. రెండేళ్ళు ఆయన వెనక అర్జీలు మోశాను. ఆయన మెడలో పడ్డ ప్రతి దండా నాది కావలసిందేనని ఏడ్చాను. పులివెందులలో పెళ్ళికి పోయి వస్తుంటే దారికాచి ఆయన్ని చంపేశారు. శవం వెంట వచ్చిన జనాన్ని చూసి కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కుళ్ళు పుట్టింది.

ఉప ఎన్నికలో ఇక నేనే అనుకున్నాను. వదినకిచ్చారు. మళ్ళీ నేనే డమ్మీ. వదిన ఫారాలు తెచ్చి నా ముందు పెట్టి, కలం చేతికిచ్చింది.

"మీ అన్నకు ఆ పొద్దే తెలుసప్పా. ఎవురికీ చెప్పొద్దన్యాడు. ఈతూరి నంబరు సరిగ్గా రాయి."

తెలిసీ రెండేళ్ళు నన్ను పక్కన పెట్టుకుని తిరిగాడు. నంబరు సరిగ్గానే రాశాను. రాస్తూ రాస్తూ, చచ్చిపోయిన ఆ మనిషిని చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.