పచ్చడి సీసాలో పొడవు మీసాల పురుగు

వానలు మొదలైన రోజుల్లో మీ ఇంటి గోడ మీద ఒంటికన్నా పొడవైన మీసాలున్న పెద్ద పురుగు కనిపిస్తే, దాని పేరు వెతికే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. నేను ఆ పని చెయ్యలేదు. పేరు మాత్రం తప్పులేకుండా కనిపెట్టాను. ఇంకెవరూ నాలా చెయ్యకూడదని ఇది రాసి పెడుతున్నాను.

మాది గరివిడి. ఫ్యాక్టరీ పని చేసి రిటైరయ్యాను. పదో తరగతి తప్పినవాణ్ణి, నాకు వచ్చిన చదువంతా లైబ్రరీల్లో కూర్చుని నేర్చుకున్నదే. పెళ్లి చేసుకోలేదు. నన్ను పెంచిన అక్క నాతోనే ఉండేది. మా వైపు అక్కను అప్ప అంటాం. అప్ప పోయి రెండేళ్లయింది. ఆమె టెంక పాతి పెంచిన మామిడిచెట్టు పెరట్లో ఉంది. ఆమె గుర్తులుగా ఇంట్లో చీరలూ గిన్నెలూ మిగిలాయి గానీ, ప్రాణమున్నది ఆ చెట్టొక్కటే.

ఆ రోజు తెల్లారి తలుపు తీసేసరికి వీధి గోడకు పురుగు అతుక్కుని ఉంది. బూడిద రంగు. పొడవు నా బొటనవేలి కంటే కాస్త ఎక్కువే. మెడ మీద రెండు నారింజ మచ్చలు, రెక్కల మధ్య సున్నం చుక్కలాంటి తెల్లటి గుర్తు. గుడ్డతో పట్టుకుంటే కీచుమని చప్పుడు చేసింది. ఖాళీ పచ్చడి సీసాలో వేసి, మూతకు మేకుతో కన్నాలు పెట్టాను.

పక్కింటామె గోడ మీంచి చూసి, కొబ్బరిచెట్టుకు పట్టే కొమ్ము పురుగు కదా అంది. కొమ్ము పురుగుకు ముక్కు మీద కొమ్ముంటుందనీ, ఇవి మీసాలనీ, రెండూ వేరు జాతులనీ చెప్పుకొచ్చాను. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందట, మధ్యలోనే లోపలికి వెళ్లిపోయింది. నేను ఇంకొంచెం చెప్పాలనుకున్నాను.

సీసా సంచిలో పెట్టుకుని బస్సెక్కి విజయనగరం లైబ్రరీకి వెళ్లాను. తాళం వేసి ఉన్న బీరువాలోంచి లైబ్రేరియన్ రంగు బొమ్మలున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసి ఇచ్చాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా చదివాను. మచ్చలు సరిపోయాయి, మీసాలు సరిపోయాయి, కీచుమనే చప్పుడు గురించి కూడా రాసి ఉంది. మామిడి కాండం తొలిచే పురుగు. దాని శాస్త్రీయ నామం రెండుసార్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పిల్లపురుగు కాండం లోపల నెలల తరబడి తింటూ ఉంటుందనీ, చెట్టు మొదట్లో రంపపుపొట్టు రాలుతుందనీ కూడా రాసుకున్నాను. చేతిరాత బాగా కుదిరింది.

తిరుగు బస్సులో ఆ పేరు మనసులో అనుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్నాయన నిద్రపోతున్నాడు. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, చెప్పడానికి లోపల ఎవరూ లేరని మళ్లీ కొత్తగా తెలిసింది.

అందుకే సాయంత్రం పక్కింటామెను పిలిచి నోట్‌బుక్‌లోది మొత్తం చదివి వినిపించాను. ఆమె పుట్టిల్లు పలాస వైపు, జీడితోటల మధ్య. ఓపిగ్గా విని అడిగింది.

"పేరు సరే మావా. మామిడి మానులో ఉంటాదని నువ్వే సదివినావు కదా. మీ మాను సూసినావేటి?"

చూడలేదు. అప్ప ఉంటే ఆమే అడిగేది. నేనేం చదివి వినిపించినా చివర్లో "అయితే ఇప్పుడు మనమేటి సెయ్యాలి?" అనేది. చదువు విలువ తెలియని ప్రశ్న అని విసుక్కునేవాణ్ణి.

చెట్టు దగ్గరికి వెళ్లాం. అమ్మవారి పండగకు ఇంటికి సున్నం వేయించి, మిగిలిన సున్నంతో మామిడి మొదలుకు నేనే పట్టీ వేశాను, మధ్యలో ఎర్రమట్టి చారతో సహా. అప్ప ఏటా అలాగే వేసేది. నేను పట్టీ వేసేటప్పుడు మాను మీద ఒకచోట గోధుమరంగు జిగురు కారుతూ ఉంటే, అసహ్యంగా ఉందని దాని మీద మూడు పూతలు పూశాను. కింద రాలిన పొట్టును చీమల పనే అనుకుని నెలల తరబడి రోజూ ఊడ్చి పారబోశాను.

పక్కింటామె చీపురుపుల్లతో సున్నం పెచ్చు లేపింది. దాని వెనుక నా చిటికెనవేలు దూరేంత కన్నం. దాని పైన ఇంకొకటి.

మర్నాడు ఆమె తమ్ముడు పలాస నుంచి వచ్చాడు. జీడితోటలో ఈ జాతి పురుగుల్ని తీసి అలవాటున్న మనిషి. సైకిల్ చువ్వ కొస వంచి కన్నాల్లో దూర్చి, తెల్లటి లావుపాటి పురుగుల్ని ఒక్కొక్కటీ లాగాడు. ఆరు వచ్చాయి. కిరసనాయిలులో ముంచిన దూది కుక్కి, మట్టితో మెత్తాడు. తర్వాత చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, మానును గోటితో గీకి చూశాడు.

"పడమటి పక్క సచ్చిపోనాది మావా. కొట్టీయాల. తూరుపు పక్క బతికితే బతుకుతాది. అప్పుడే సెప్పలేం."

కొట్టెయ్యమన్నాను. పడమటి కొమ్మలు పడ్డాక పెరట్లో ఎన్నడూ లేనంత ఎండ పడింది. ఈ ఏడాది తూర్పు కొమ్మకు చిగురొచ్చింది. పూత రాలేదు. వస్తుందో రాదో ఏ పుస్తకంలోనూ లేదు.

పేర్లు రాస్తే వాళ్లకు మొహమాటం. లైబ్రరీలో నా బల్ల మీద లైటు వెలగకపోతే పుస్తకాన్ని కిటికీ దగ్గరికి స్వయంగా మోసుకొచ్చిన లైబ్రేరియన్‌కు కృతజ్ఞతలు. నేను అడగాల్సిన ప్రశ్న తాను అడిగిన పక్కింటామెకు కృతజ్ఞతలు. ఆమె తమ్ముడికి అందరికన్నా ఎక్కువ. పని అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, అక్క ఇంటికి వెళ్లకుండా, నేను వండిన ఆనపకాయ పులుసుతో నా ఎదురుగా కూర్చుని భోజనం చేశాడు. పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పి మరీ రెండోసారి వడ్డించుకున్నాడు. అప్ప పోయాక ఈ ఇంట్లో రెండో కంచం పెట్టింది ఆ పూటే.