ఐదు శ్రుతి పెట్టించిన తమ్ముడు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక కొంప మునుగుతుంది. ముంచింది నేనే. వరదకూ పిడుగుకూ ఇందులో భాగం లేదు.

యుద్ధం రోజుల్లో ధర్మవరంలో మేమిద్దరం జోడీ పాటగాళ్లం. మా అన్న చౌడప్ప మగ్గం మీద పట్టుచీర నేస్తుంటే, అంచు దారపు కండె ఉన్న నాడె విసరడానికి నేను పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడే మా గొంతులు కలిశాయి. నేను పైస్థాయిలో పాడితే, అన్న అదే పాట కింద మంద్రంలో పాడేవాడు. మమ్మల్ని చూసి పెనుకొండలో, సోమందేపల్లిలో కూడా అన్నదమ్ములు ఒకడు పైన, ఒకడు కింద పాడటం మొదలెట్టారు. ఇంత పేరొచ్చాక కళ్లు నెత్తికెక్కకుండా ఉంటాయా?

ఒక పెండ్లిలో ఎవరో ముసలాయన, "కింద పాడేవానిదప్పా పాట. పైవానిది ఉత్త అరుపు" అన్నాడు. అదిగో, ఆ మాట నాకు ముల్లులా దిగింది.

అప్పుడే బెంగళూరు నుంచి గ్రామఫోను ప్లేట్ల కంపెనీ మనిషి హిందూపురం వచ్చాడు. బెల్లం మండీ మిద్దెమీద గదిలో మా పాట వింటానని కబురు పెట్టాడు. అన్నకు కాలు నిలవలేదు.

"రేయ్ ఓబులేసూ, మనం పోయినా మన పాట ఉంటాదంట రా! ఒక్క ప్లేటు చాలు నాకు."

రైల్లో పెనుకొండ దగ్గర మా హార్మోనియం హుసేన్ సాబు ఎక్కాడు. అన్న కునుకు తీస్తుండగా ఆయన చెవిలో ఊదాను.

"మామా, ఈపొద్దు ఐదు శ్రుతి పెట్టు."

"మీది రెండు కదప్పా! ఐదు నీకు అందుతాదా?"

"నాటకాల్లో రాజులంతా ఐదులోనే పాడతాండారు. నాకేం తక్కువ?"

"సరే, నీ కర్మ."

ఐదు శ్రుతిలో తల పెట్టాక కీచుకు వెరవనేల?

మండీ మిద్దెమీద హార్మోనియం మోగగానే అన్న నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో నేను చేసిన చప్పుడుకు కింద బెల్లం బండ్ల ఎద్దులు తాళ్లు తెంపుకోబోయాయి. పిట్ట కొంచెం, కూత ఘోరం! పైగా, శ్రుతి పెరిగేసరికి ఎప్పుడూ అడుగున ఉండే అన్న గొంతు పైకి తేలి ఖంగున మోగింది.

కంపెనీ మనిషి చెయ్యెత్తాడు. "పెద్దాయన ఒక్కడే పాడనీ, ప్లేటు వేస్తాం. చిన్నాయన వద్దు."

"వాడు లేకుంటే నేను పాడను సామీ" అన్నాడు అన్న.

"యోచన చెయ్యప్పా. మేము మళ్లీ రాము."

"చేసినా సామీ."

'నువ్వు పాడన్నా, నేను కింద కూర్చుంటా' అని నేను అనాల్సింది. చరణమంతా బొబ్బలు పెట్టిన గొంతు ఆ ఒక్క మాటకు పెగల్లేదు.

తిరుగు రైల్లో తిట్లకు సిద్ధపడి నిజం చెప్పేశాను.

"హుసేన్ మామ చెప్పినాడులే. గొంతు నొస్తాందా? ఇంటికి పోయి మిరియాల కషాయం తాగు" అన్నాడు అన్న. తిట్టి ఉంటే బాగుండేది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మూడేళ్లకు విషజ్వరమొచ్చి అన్న పోయాడు. ఆయన గొంతు ఏ ప్లేటు మీదా లేదు. పెనుకొండ జోడీలు పాడుతుంటే వెళ్లి, కిందిగొంతులో ఆయన్ను వెతుక్కుంటాను. దొరకడు.

కాబట్టి మహాజనులారా, చౌడేశ్వరమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నేను శ్రుతి పెంచను. పెంచినా, కింద నిలబడి పాడేవాడు లేడు.