ఛాసిస్ నంబరు మీద నల్లటి పెంకు

రిటైర్మెంటుకు ముందు ఏడాది వేసవిలో నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నం బ్రాంచికి వర్క్స్ మేనేజరుగా వేశారు. కార్ల సర్వీసు సెంటర్లో వర్క్స్ మేనేజరంటే మెకానిక్కులకూ ఫోర్‌మన్‌కూ పైన, యజమానికి కింద. పని కుదిరితే పేరు వాళ్లది, చెడితే తిట్లు మనవి. చేరిన కొత్తలోనే సుగుణమ్మ గారి కారు వచ్చింది. ఇంజను విప్పింది లేదు, ఒక్క పార్టు మార్చింది లేదు. అయినా నా సర్వీసు మొత్తంలో అంత హుషారుగా చేసిన పని ఇంకొకటి గుర్తురాదు.

సుగుణమ్మ గారు నర్సుగా చేసి రిటైరయ్యారు. నాగాయలంకలో ఉంటూ, హంసలదీవి వైపు పల్లెల్లో షుగరు పుండ్లతో మంచం పట్టినవాళ్లకు కట్లు మార్చి వస్తుండేవారు. ఆవిడది ఎనిమిది వందల సీసీ ఇంజనున్న చిన్న తెల్ల కారు. కారుకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అప్పుడు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు, అంటే జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరనే ఆయన, ఛాసిస్ నంబరును స్వయంగా చూస్తారు. ఆ బండిలో నంబరును ఇంజనుకూ సీట్లకూ మధ్య అడ్డంగా ఉండే రేకు గోడ మీద గుద్ది ఉంచుతారు. సుగుణమ్మ గారి బండిలో గోడ ఉంది, నంబరు జాడ లేదు. అక్కడంతా నల్లటి పెంకు.

ఇన్‌స్పెక్టరు గారు అప్పటికే ఒకసారి తిప్పి పంపారు. మర్నాడు మళ్లీ చూపించాలి. అప్పుడూ కనబడకపోతే నంబరు చెరిగిపోయిందని రాస్తారు. కొత్తగా గుద్దించడానికి పైనుంచి అనుమతి వచ్చేదాకా బండి రోడ్డెక్కకూడదు. అందుకు నెలలు పడుతుంది.

“నా సంగతి వదిలెయ్యండి. పాలకాయతిప్పలో ఏసుదాసు పాదం ఏమైపోవాలండీ? రోజు విడిచి రోజు కట్టు మార్చకపోతే తీసెయ్యాల్సొస్తుందన్నారు డాక్టరు గారు. బస్సు దిగి అంత దూరం నడిచే మోకాళ్లు కావండీ ఇవి,” అన్నారావిడ.

బానెట్ ఎత్తాను. కారిన ఆయిలు, దాని మీద రోడ్డు దుమ్ము, దాని మీద కళ్లాల్లో ఎగిరిన ఊక, మళ్లీ ఆయిలు. నాకు మురికంటే గిట్టదు. ఇంట్లో స్టవ్ తుడిచే పని కూడా నాదేనని మా ఆవిడ చుట్టాల ముందు వెక్కిరిస్తుంది. అలాంటివాడికి ఆ ఇంజను కనబడితే ఆకలిగా ఉన్నవాడికి విస్తరి వేసినట్టే. చొక్కా చేతులు మడిచేశాను.

ఈ పనికో పద్ధతుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ వైర్లు తీసెయ్యాలి. డైనమోకూ కార్బురేటర్ మూతికీ ప్లాస్టిక్ సంచులు కట్టాలి. మా సీనియర్ మెకానిక్ కరీం కిరోసిన్‌లో ముంచిన కుంచెతో పైనుంచి కిందికి వచ్చాడు, నేను వెనకే చెక్కబద్దతో గీకుతూ గుడ్డతో తుడుస్తూ వచ్చాను. మడ్డి పాయలు పాయలుగా కారింది. వాల్వ్ కవరు తేలింది, రబ్బరు పైపులు తేలాయి, క్లిప్పుల మీద పసుపు రంగు కూడా కనబడింది. తేలిన ఒక్కోదానికీ ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం.

గోడ దగ్గరికి వచ్చేసరికి కేకలు ఆగిపోయాయి. అక్కడ కిరోసిన్ పారలేదు. పెంకు రాయిలా ఉంది.

“వైరు బ్రష్ పెట్టేస్తే అయిపోద్ది సార్,” అన్నాడు కరీం.

“అయిపోయేది నంబరేనయ్యా!” అని కసిరాను. నంబరు మీద చిన్న గీత పడినా ఎవరో దిద్దారని అనుమానిస్తారు. దొంగబండ్లకు చేసేది అదే. అప్పుడు ఆవిడ నెలలు కాదు, జన్మంతా తిరగాలి.

సాయంత్రమవుతోంది. కాస్త మెత్తబడుతుందేమోనని మరిగే నీళ్లలో గుడ్డ ముంచి పిండి పెంకు మీద పరిచాను. ఆవిరితో పాటు ఓ వాసన లేచింది. ఆయిలు వాసన కాదు. ఆదివారాలు చేపలకని గిలకలదిండి వెళ్తే, ఒడ్డున పడవలు బాగుచేసే చోట ముక్కుకు తగిలే వాసన అది. గుడ్డ పట్టుకునే బయట కూర్చున్న సుగుణమ్మ గారి దగ్గరికి పరిగెత్తాను.

“అమ్మా, ఇక్కడ గుగ్గిలం పూశారా?”

“పూశానండీ,” అన్నారావిడ, అందులో వింతేముందన్నట్టు. “మా పక్కింటి మీరాసాహెబు మావయ్య తన పడవకి కాచినప్పుడల్లా నాకూ ఓ డబ్బాడు ఇచ్చేవాడు. ఉప్పుగాలికి పడవ చెక్కే ఆగదు, ఈ రేకెంత అన్నాడు. ఏటా వానలకి ముందు పూసేదాన్ని. మీరు మురికే అనుకున్నారు గానీ దీని గురించి అడగలేదు కదండీ!”

గుగ్గిలాన్ని నూనెలో కాచి పడవ సందుల్లో పూస్తారు. ఆరితే నీళ్లకు లొంగదు, కిరోసిన్‌కూ అంత తేలిగ్గా లొంగదు. కానీ టర్పెంటైన్‌కు కరుగుతుంది. కరీం పెయింటు కొట్టుకు స్కూటరు మీద ఎగిరిపోయి సీసాతో వచ్చాడు. తడిపిన దూదిని పెంకు మీద అద్ది, ఆగి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లిగా రుద్దాను. నల్లది గోధుమరంగైంది, తర్వాత తేనెరంగు. ఆ తేనె అడుగున ఒక అక్షరం వంపు కనబడింది. తర్వాత ఒక సున్నా. సుగుణమ్మ గారు ఆర్సీ కార్డు పట్టుకుని ఒక్కో అంకె గట్టిగా చదువుతుంటే కరీం టార్చిలైటు పట్టాడు. చివరి అంకె కూడా కలిసినప్పుడు, “స్తోత్రం!” అని ఆవిడ అరిచిన అరుపుకు రోడ్డవతల టీకొట్టువాడు తొంగిచూశాడు. ఆనందం పట్టలేక నేను కరీం వీపు మీద మడ్డిచేత్తోనే చరిచాను.

తుప్పు చుక్క లేదు. పూత కింద ఫ్యాక్టరీ రంగు నిగనిగలాడుతోంది. ఆ సముద్రపు గాలిలో ఇన్నేళ్లు నంబరు బతికి ఉందంటే ఆ గుగ్గిలం చలవే.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు భూతద్దం పెట్టి మరీ చూశారు. అంకెల మీద పెన్సిలు రుద్ది, సెల్లోటేపు అంటించి లాగి, కాగితం మీద అతికించుకున్నారు. దాన్నే ఛాసిస్ ప్రింట్ అంటారు. ఒక్క అంకె మసకబారలేదు. ఇంత పాత బండికి ఇంత శుభ్రమైన ప్రింటు తాను తియ్యలేదన్నారు.

ఆ రోజు ఏసుదాసుకు కట్టు మార్చే రోజు. సుగుణమ్మ గారు ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసు ఆవరణ నుంచే పాలకాయతిప్పకు బయల్దేరుతూ, అద్దం దించి, మళ్లీ గుగ్గిలం పూసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా పూసుకోమన్నాను. నంబరున్న చోట మాత్రం కాస్త గ్రీజు చాలని చెప్పాను.

బండి మీద ఉన్నదంతా నిర్లక్ష్యంతో పేరుకున్నది కాదు, కొంత ఎవరో శ్రద్ధగా పూసింది కూడా ఉంటుంది. ఆ తర్వాత నేను పని చేసినన్నాళ్లూ, ఏ బండి బానెట్ ఎత్తినా కిరోసిన్ డబ్బా అందుకునే ముందు, దీనికి ఏమైనా పూశారా అని యజమానిని అడిగాను.