తొమ్మిదో వరుసలో అంకె

ఆఫీసులో ఆమెను భూతద్దం అంటారు. మొదట్లో చాటుగా అనేవారు. పంతొమ్మిదేళ్ళు గడిచేసరికి ఎదురుగానే అంటున్నారు, చివర ‘గారు’ తగిలించి. ఆమె కూడా పలుకుతుంది.

మూడు నెలలకోసారి వచ్చే వైద్య పరిశోధనల పత్రికలో ఆమె ప్రూఫ్ రీడర్. గది రెండో అంతస్తులో, మెట్ల పక్కన. ఒక బల్ల, ఒక కిటికీ, గోడ పొడుగునా పాత సంచికలు. కిటికీ రెక్క సరిగ్గా పడదు. గాలికి కాగితాలు లేవకుండా వాటి మీద ఒక ఇనుప బోల్టు పెడుతుంది. అది భర్త ఇచ్చింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు.

వ్యాసాన్ని ఒక్కరే చదవొచ్చు. పట్టికను చదవలేరు. అంకెల మీద కన్ను నిలవదు, జారిపోతుంది. అందుకే పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. ఒకరు రచయిత ఇచ్చిన ప్రతిని పైకి చదువుతారు, మరొకరు అచ్చు ప్రతి మీద వేలు పెట్టి వింటారు. పైకి చదివే ఉద్యోగాన్ని ఆఫీసు ఎప్పుడో తీసేసింది. కంప్యూటర్ చూసుకుంటుందన్నారు. ఆమె వాదించలేదు. అనుమతి రాయించుకుని పట్టికలను ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో అత్తగారుంది.

అత్తగారు ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. అంకెలను పలకడంలో ఆవిడకో నడక ఉంది. రెండేసి, రెండేసి, చివర చిన్న ఆగుడు. పొద్దున్నే కోడలు వంటింటి బల్ల తుడిచి కాగితాలు పరిస్తే, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, గొంతు సరిచేసుకుని, ఊరికంతటికీ లైను కలుపుతున్నట్టు కూర్చుంటుంది. ఏ రోగమో, ఏ మందో ఆవిడకు పట్టదు.

ఆ ఇద్దరి మధ్యా ఎనిమిదేళ్ళుగా ఒక తగాదా ఉంది. వేరే ఇళ్ళలో ఉండే తగాదాల లాంటిది కాదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక వ్యాసం అచ్చయింది. ఒక జ్వరం మందు పెద్దవాళ్ళ ఒంట్లో ఎన్ని గంటలుంటుందో ముప్ఫై ఒక్క మందికి కొలిచి రాశారు. పట్టిక తొమ్మిదో వరుసలో పద్నాలుగు పాయింట్ ఏడు ఉండాలి. పదిహేడు పాయింట్ నాలుగు అని పడింది. సంచిక బయటికెళ్ళిన వారానికి ఆమె కంట పడింది.

“నేను సరిగ్గానే చదివాను. నీ చూపే పొయ్యి మీదికి పోయింది,” అంటుంది అత్తగారు.

“పొయ్యి వెలిగించనే లేదు అత్తయ్యా. మీరే తిరగేసి చదివారు.”

“ముప్ఫై ఏళ్ళు. ఒక్క రాంగ్ నంబరు ఇచ్చానని ఎవరినైనా చెప్పమను.”

తన కన్ను దాటిపోయిన ప్రతి తప్పునూ ఆమె ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. తేదీ, పేజీ, తప్పు, ఒప్పు. ఇన్నేళ్ళకు ఇరవై ఆరు. ఇరవై అయిదింటికి తర్వాతి సంచికల్లో సవరణ పడింది. ఆ ఒక్కదానికీ పడలేదు. ఆ వ్యాసం ప్రధాన సంపాదకుడిది. పెద్ద డాక్టరు. ఆమె సవరణ పట్టుకెళ్తే నవ్వి, “ఒక్క అంకె కదమ్మా. ఎవరు చూస్తారు?” అన్నాడు. మళ్ళీ వెళ్ళింది. ఏటా ఒకసారి వెళ్తూనే ఉంది.

ఈసారి సంచికకు కొత్త వ్యాసం ఒకటి వచ్చింది. అదే మందు. పెద్దవాళ్ళు కాదు, అయిదేళ్ళ లోపు పిల్లలు. ముప్ఫై ఒక్క మంది. రాసింది పెద్ద డాక్టరు, ఆయన శిష్యుడు.

అత్తగారు చదువుతోంది. ఎనిమిదో వరుస అయింది. తొమ్మిది మొదలైంది.

“పదిహేడు పాయింట్ నాలుగు,” అని ఆగిపోయింది.

కోడలి వేలు ఆగిపోయింది.

“ఇది మన తగాదా కదే,” అంది అత్తగారు.

ఆమె లేచి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆ కాగితాలతో ఆఫీసుకు వెళ్ళింది. గోడ మీది వరుసలోంచి పాత సంచిక తీసింది. రెండూ పక్కపక్కన పెట్టింది. ముప్ఫై ఒక్క వరుసలు, ముప్ఫై ఒక్క అంకెలు, అన్నీ అవే. కాగితం మీద కూడి భాగించి చూసింది. అడుగున ఇచ్చిన సగటు పద్నాలుగు పాయింట్ ఏడుకే సరిపోతుంది, పదిహేడు పాయింట్ నాలుగుకు సరిపోదు. ఈ పిల్లలను ఎవరూ కొలవలేదు. అచ్చయిన పేజీలోంచి ఎత్తి రాశారు. ఆమె తప్పుతో సహా.

ఈ వ్యాసం అచ్చయితే డాక్టర్లు చదువుతారు. చదివి, పసిపిల్లలకు ఎన్ని గంటలకోసారి మందు పొయ్యాలో చెబుతారు.

ప్రతి ప్రూఫ్ చివరి పేజీలో ఒక గడి ఉంటుంది. ‘చదివాను, సరిగా ఉంది’ అని దాని పైన. కింద ప్రూఫ్ రీడర్ సంతకం. అది లేకుండా ప్రెస్సు వాళ్ళు అచ్చుకు ప్లేటు చెయ్యరు. ఆమె ఆ గడిని ఖాళీగా ఉంచి, రెండు పట్టికలూ పట్టుకుని మూడో అంతస్తుకు వెళ్ళింది.

పెద్ద డాక్టరు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో రంగు మారడం ఆమె గమనించింది. శిష్యుడు రాసిందాని కింద చదవకుండానే పేరు పెట్టుకున్నాడని ఆమెకు అర్థమైంది.

“కుర్రాడు తొందరపడ్డాడు. చదువు చివరికొచ్చింది పాపం. తర్వాతి సంచికలో ఏదో ఒకటి చేద్దాం. ఇప్పటికి సంతకం పెట్టెయ్యండి.”

“పెట్టను సార్.”

“మీ పని కామాలూ ఫుల్‌స్టాపులూ చూడటం అమ్మా. పరిశోధన మంచిచెడ్డలు చూడటానికి మేమున్నాం.”

“మీరు చూళ్ళేదు కదా సార్.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు తగ్గించాడు.

“ఆలోచించుకోండి. ఇది బయటికొస్తే ముందు బయటపడేది మీ తప్పు. భూతద్దం గారు ఇంత తప్పు వదిలేశారా అని అందరూ నవ్వుతారు.”

“బయటపెట్టండి సార్. ఎనిమిదేళ్ళ నుంచి అడుగుతున్నాను.”

 మీ కొనసాగింపు కాగితం నా బల్ల మీదే ఉందన్నాడు ఆయన. ఆమె ఉద్యోగం ఏటా ఆ కాగితం మీదే నడుస్తుంది. ఆమె తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.

మధ్యాహ్నం భర్తకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఎక్కడో లిఫ్టు గోతిలో ఉన్నాడు, మాట గుయ్యిమంటోంది.

“ఉద్యోగం పోవచ్చు,” అంది.

“తాడు తెగేలా ఉందని తెలిసీ లిఫ్టు బాగుందని చీటీ అంటించమంటే నేను అంటిస్తానా?” అన్నాడు. “సరే, పైనుంచి పిలుస్తున్నారు, ఉంటా.”

ప్రతి సంచిక అట్ట లోపలి వైపు పత్రిక నియమాల పేజీ ఉంటుంది. పంతొమ్మిదేళ్ళలో దాంట్లో ఒక్క అక్షరం మారలేదు. అయినా ఆమె ప్రతిసారీ చదువుతుంది. ఆ పేజీ చదివే మనిషి భూమ్మీద మీరొక్కరే అని ప్రెస్సు వాళ్ళు వేళాకోళం చేస్తారు. నాలుగో నియమం: అంకెలపై అనుమానం కలిగితే, అది తీరేవరకు వ్యాసం అచ్చువేయరాదు; అనుమానం ఎవరిదైనా సరే. అయిదో నియమం: సంపాదకుడే రచయిత అయినప్పుడు నిర్ణయం సంపాదక మండలిది.

మండలిలో ఏడుగురు. ఆమె ఏడు ఉత్తరాలు రాసింది. పెద్ద ఉత్తరాలేం కావు. రెండు పట్టికలు, సగటు లెక్క, నోటుబుక్కులో ఆ పేజీ నకలు. చివర ఒక వాక్యం: ‘మొదటి తప్పు నాది. దాన్ని సరిదిద్దనివ్వలేదు. రెండోది పొరపాటున జరిగింది కాదు.’

కవర్లు అంటిస్తుంటే అత్తగారు వచ్చి నిలబడింది.

“మొదటి తప్పు నాది అని రాశావేంటి? నేను తిరగేసి చదివానన్నావుగా ఇన్నాళ్ళూ.”

“చూడాల్సింది నేను కదా అత్తయ్యా.”

“అంటే నేను సరిగ్గానే చదివానని ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకోలేదు.”

“మొండిఘటం,” అని అత్తగారు ఇంకో కవరు అందుకుని జిగురు రాసింది.

సంచిక ఆగిపోయింది. మూడు వారాలు ఆమె గదిలోకి ఎవరూ రాలేదు. టీ ఇచ్చేవాడు గుమ్మం బయటే గ్లాసు పెట్టి వెళ్ళేవాడు. మెట్ల మీద ఎదురైనవాళ్ళు ఉన్నట్టుండి సెల్‌ఫోన్లలోకి చూసుకునేవారు. ఆమె పాత సంచికలు దులిపింది. కిటికీ రెక్కకు అట్టముక్క దోపింది.

నాలుగో వారం ఒక ప్రకటన ప్రూఫ్ వచ్చింది. ‘పిల్లల వ్యాసాన్ని రచయితలు స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నారు.’ అంతే. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. ఆమె ‘స్వచ్ఛందంగా’ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, అంచున ‘నిజమా?’ అని రాసి, సంతకం లేకుండా వెనక్కి పంపింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ‘కొన్ని సాంకేతిక కారణాల వల్ల’ అని ఉంది. మళ్ళీ సున్నా చుట్టింది.

మండలి కార్యదర్శి ఫోన్ చేశాడు. ఆయన పళ్ళ డాక్టరు, మెతక మనిషి. “ఇదేంటండీ, వ్యాసం ఆపించారు, గెలిచారు. ఇంకా ఏం కావాలి?”

“ఎందుకు ఆగిందో రాయండి సార్. అంకెలు పాతవని చెప్పకపోతే రేపు ఇంకో పత్రికలో వేస్తారు. అక్కడ చదివేది మా అత్తగారు కాదు.”

 అవతల నవ్వు వినబడింది, ఒప్పుకున్నవాళ్ళ నవ్వు.

మూడో ప్రూఫును ఆమె ఇంటికి తెచ్చింది. అంకెలున్నాయి కాబట్టి. పొద్దున వంటింటి బల్ల తుడిచింది. అత్తగారు గొంతు సరిచేసుకుంది.

“ఈ వ్యాసంలోని పట్టిక ఎనిమిదేళ్ళ కిందటి వ్యాసంలోనిది. పిల్లలపై కొలతలు జరిగినట్టు ఆధారాలు లేవు. అందువల్ల మండలి దీన్ని తిరస్కరించింది.” ఆవిడ ఊపిరి తీసుకుంది. “దీనికిందింకోటి ఉంది. సవరణ. పాత వ్యాసం, తొమ్మిదో వరుస. పదిహేడు పాయింట్ నాలుగును పద్నాలుగు పాయింట్ ఏడుగా చదువుకోవాలి. పొరపాటు ప్రూఫ్ రీడర్‌ది.”

“మళ్ళీ చదవండి.”

“ఏది?”

“ఆ అంకె.”

“పద్నాలుగు,” అంది అత్తగారు, ఎక్స్ఛేంజీ నడకలోనే, చివర ఆగుడుతో. “పాయింట్. ఏడు. అప్పుడూ ఇలాగే చదివాను.”

ఆమె గడిలో సంతకం పెట్టింది.

కొనసాగింపు కాగితం గడువు దాటి పన్నెండు రోజులైంది. రాలేదు. అయినా ఆమె ఆఫీసుకు వెళ్ళి, బల్ల మీది బోల్టు పక్కకు జరిపి, తర్వాతి సంచిక నియమాల పేజీ ముందేసుకుని మొదటి నియమం నుంచి చదవడం మొదలుపెట్టింది. గుమ్మంలో పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు.

“మీకింకా కాగితం ఇవ్వలేదే,” అన్నాడు.

“ఇవ్వలేదు సార్,” అంది ఆమె, వేలు వరుస మీంచి తియ్యకుండా. “ఇవ్వనని రాసివ్వండి. అందులో కారణం కూడా రాయండి. ప్రూఫ్ నేనే చూస్తాను.”