పైడమ్మ కార్డులో మూడో గడి

పదమూడేళ్లుగా దీన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. చదివితే చాలు.

అప్పుడు ఖరగ్‌పూర్‌లో తల్లీబిడ్డల ఆరోగ్య కేంద్రం ఒకదానిలో నర్సుగా ఉండేదాన్ని. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లు నా వంతు. దేశమంతటా ఒకే పద్ధతి ఉండాలని ఢిల్లీ నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రతి గర్భిణినీ కాన్పుకు ముందు మూడుసార్లు ఇంటికెళ్లి చూడాలి, బి.పి. కొలవాలి, కాళ్ల వాపు చూడాలి, కార్డులో రాయాలి. మంచి నిబంధనే. ఒక్క మనిషి అన్ని ఇళ్లూ ఎలా తిరగాలో మాత్రం ఎవరూ రాయలేదు. చూశారా, మళ్లీ సాకు! ప్రతిసారీ ఇంతే. తప్పు చెప్పబోతే ముందు సాకు వస్తుంది నోట్లోకి.

తనిఖీ వస్తుందన్నారు. ఖాళీ గళ్లున్న కార్డులు ముందేసుకుని కూర్చున్నాను. పైడమ్మ కార్డులో మూడో గడి ఖాళీ. రైల్వే ఖలాసీ భార్య, పంతొమ్మిదేళ్ల పిల్ల, తొలి చూలు. ‘వాపు లేదు, బి.పి. మామూలు’ అని రాసేశాను. వాళ్ల గుమ్మం తొక్కలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె అత్త వచ్చింది.

“కోడలి కాళ్లు పొంగిపోనాయి నర్సమ్మా. తలపోటంట, కళ్లు మసకలంట. ఓపాలొచ్చి సూడవా?”

“నెలలు నిండినోళ్లకి కాళ్లు పొంగవేటి? ఇదిగో, అంతా బాగుందని కార్డులో రాసుంది.”

“రాసుందేటి? అయితే సరేలే అమ్మా.”

అక్షరం రాని మనిషికి నా అబద్ధాన్నే సాక్ష్యంగా చూపించాను. ఆవిడ నమ్మి వెళ్లిపోయింది. కనీసం ఆ సాయంత్రమైనా ఎందుకు వెళ్లలేదు? వెళితే రాసింది కొట్టేయాలి. అంతే. ఇంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు.

రెండు రోజులకు పైడమ్మకు ఫిట్సు వచ్చాయి. ఆస్పత్రిలో ఆమె బతికింది. మగబిడ్డ బతకలేదు. డాక్టరుగారు నా కార్డు చూసి, ఉన్నట్టుండి వచ్చింది, ముందు ఎవరికి తెలుస్తుంది అన్నారు. తనిఖీవాళ్లు నా కార్డులు ముచ్చటగా ఉన్నాయన్నారు. ఒళ్లు మండింది, నా మీద నాకే. అయినా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అక్కడితో ఆగినా బాగుండేది. గ్రహణం నాడు బయటికొచ్చింది, అందుకే బిడ్డ పోయాడని అత్త కోడలిని సాధించడం మొదలుపెట్టింది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు పైడమ్మ నన్నే అడిగింది, “నిజవేనా నర్సమ్మా, నా వల్లే పోనాడా?” అని. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. అలా అంటే, మరి దేనివల్ల అని అడుగుతారు. ఏదో గొణిగి లేచి వచ్చేశాను. ఆ ఏడే ఆమెను బొబ్బిలి పక్క పుట్టింటికి పంపేశారు. మళ్లీ తెచ్చుకోలేదు. ఆమె ఎలా ఉందో నేను కనుక్కోలేదు. భయపడి కనుక్కోలేదు, అదీ రాయాలి.

నన్నెవరూ క్షమించనక్కర్లేదు. నేనూ అడగను. ఇంతవరకు రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

పైడమ్మా, నీ తప్పేమీ లేదు. నీ కాళ్లు నేను చూడలేదు. చూశానని రాశాను.